పదిమందీ కునికారు

డీజిలు ట్యాంకులోంచి ఇనుపపుల్లను బయటికి తీసి, తలుపు వైపు వెలుతురులో పట్టుకుని, తడి ఎంతవరకు ఉందో చూశాడు. నిన్న సాయంత్రం ఎక్కడుందో అక్కడే ఉంది. రాత్రి కరెంటు పోలేదు కాబట్టి అక్కడే ఉండాలి. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా పుల్లను గుడ్డతో శుభ్రంగా తుడిచి మళ్లీ ముంచాడు. రెండోసారి చూస్తే తప్ప మొదటిసారి తన కళ్లు చూసినదాన్ని నమ్మే అలవాటు లేదు ఆ మనిషికి.

ఆస్పత్రి వెనకాల, బట్టలు ఉతికే గదికీ ప్రహరీగోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ రేకుల గది. లోపల పచ్చరంగు జనరేటరు ఒకటి దాదాపు గదినంతా ఆక్రమించి, మిగిలిన కాస్త జాగాను దయతలచి మనిషికి వదిలినట్టు కూర్చుని ఉంటుంది. గోడకు ఎర్ర పిడి ఉన్న పెద్ద స్విచ్చు, దాని కింద ఒక స్టూలు, స్టూలు పైన మేకుకు చర్చిలో పంచిన క్యాలెండరు. ఆ క్యాలెండరు బొమ్మలో ప్రభువు గొర్రెపిల్లను భుజాన వేసుకుని మందతో నడుస్తుంటాడు గానీ, జనరేటరు పొగకు మసిబారి తెల్లగొర్రెలన్నీ ఎప్పుడో నల్లగొర్రెలైపోయాయి.

ఆస్పత్రిలో పెద్దడాక్టరు దగ్గర్నుంచి గేటు కాపలామనిషి దాకా అందరికీ అతను డీజిలు బాబాయే. పొట్టి మనిషి. స్టూలు మీద ముందుకు వంగి కూర్చుని కూర్చుని భుజాలు గుండ్రంగా తిరిగిపోయాయి. తల దగ్గరగా కత్తిరించుకుంటాడు. ఎప్పుడో పొగగొట్టం తగిలి కాలిన మచ్చ ఎడమ అరచేతిలో ఉంది. ఒంటిని ఎన్ని సబ్బులతో రుద్దినా డీజిలు వాసన మాత్రం వదలదు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు వెనకనుంచి వచ్చి కూర్చున్నా, అతనొచ్చాడని అందరికీ తెలిసిపోతుంది.

అతని ఉద్యోగమంతా ఎదురుచూడడమే. కరెంటు పోవాలి, పోయిన మరుక్షణం తాళంచెవి తిప్పాలి, ఇంజను ఊపిరి తీసుకుని శబ్దం నిలకడగా వచ్చాక ఎర్ర పిడిని కిందికి లాగాలి. అప్పుడు పైన మూడంతస్తుల్లోనూ దీపాలు వెలుగుతాయి, ఆపరేషను గదిలో డాక్టరు చెయ్యి ఆగకుండా సాగుతుంది, ఊపిరి యంత్రాల మీద ఉన్నవాళ్లకు ఊపిరి అందుతుంది. ఆ యంత్రాలకు సొంత బ్యాటరీలున్నా అవి కాసేపే కాస్తాయి. ఇంతా చేసి కరెంటు పోయేది ఎప్పుడో ఒకసారి. వారాల తరబడి ఏమీ జరగదు. చూసేవాళ్లకు అది కూర్చుని తినే ఉద్యోగం. బట్టలుతికే గదిలోని ఆడవాళ్లు, "నీ అంత అదృష్టం మాకెక్కడిది బాబాయ్" అని వేళాకోళం చేస్తారు. అతను నవ్వి ఊరుకుంటాడు. ఏమీ జరగని రోజు సాయంత్రానికి అతను ఎంత అలిసిపోతాడో అతని భార్యకు ఒక్కదానికే తెలుసు.

ఈ ఉద్యోగంలో అతనికి నమ్మకం లేనిది ఒక్కటే, రాత్రి డ్యూటీ మనిషి. ఆ మనిషిని అందరూ నిద్రమొహం అంటారు. లావుపాటి బుగ్గలు, ఎప్పుడూ సగం వాలి ఉండే రెప్పలు. పుట్టినప్పుడే కళ్లు పూర్తిగా తెరవడానికి బద్ధకించి ఉంటాడని డీజిలు బాబాయి అభిప్రాయం. ఇద్దరిదీ ఒకే చర్చి. పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకోగానే చివరి బెంచీలో నిద్రమొహం గడ్డం గుండెకు ఆనుకుంటుంది. ఆమెన్ అనే వేళకు మాత్రం అందరికంటే ముందు లేచి నిలబడతాడు. అదెలా సాధ్యమో పాస్టరుగారికి కూడా అంతుపట్టలేదు.

చాలా ఏళ్ల కింద ఒక తెల్లవారుజామున డీజిలు బాబాయి డ్యూటీకి వచ్చేసరికి నిద్రమొహం స్టూలు మీద గోడకు జారగిలబడి గురక పెడుతున్నాడు. ఆ రోజు నుంచీ అతను డ్యూటీ వేళ కంటే బాగా ముందే వస్తాడు, వేళ దాటాక ఇంకా బాగా ఆలస్యంగా వెళతాడు. వచ్చీ రాగానే డీజిలు చూస్తాడు, నీళ్లు చూస్తాడు, ప్రతి నట్టూ వేలితో తట్టి చూస్తాడు. నిద్రమొహం పక్కన నిలబడి ఆవలిస్తూ, "అంతా బాగానే ఉందన్నా" అంటాడు. "బాగానే ఉంటుందిలే, నువ్వెళ్లి పడుకో" అంటాడు ఇతను. పడుకో అనే మాటను కాస్త ఒత్తి పలుకుతాడు. నిద్రమొహానికి ఆ ఒత్తు ఎప్పుడూ వినపడినట్టు లేదు. సరేనని వెళ్లి ఆస్పత్రి వెనక క్వార్టర్సులో నిజంగానే పడుకుంటాడు.

ఇవాళ పొద్దున కూడా అదే తంతు జరిగింది. ఇనుపపుల్ల తుడిచి పక్కన పెట్టి, ఇంజనును కాసేపు ఊరికే తిప్పి ఆపేసి, డీజిలు బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ మనసు ఇంట్లో ఉండిపోయింది.

ఇంట్లో తల్లి మంచం మీద ఉంది. చలికాలం మొదట్లో మంచం ఎక్కింది, ఇంకా దిగలేదు. ఆవిడ ఒకప్పుడు చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెప్పిన మనిషి. ఈ ఊళ్లో సగం మంది ఆవిడ దగ్గర బెత్తం దెబ్బలతో పాటు వాక్యం నేర్చుకున్నవాళ్లే. పోవడానికి ఆవిడ సిద్ధపడినట్టు ఇంకెవరూ సిద్ధపడి ఉండరు. సమాధి పెట్టెలో తనకు తొడగాల్సిన తెల్లబట్టలు ఉతికించి, ఇస్త్రీ చేయించి, ఒక సంచీలో పెట్టి మంచం కింద ఉంచుకుంది. ఏ పాటలు పాడాలో కోడలికి నేర్పింది. ఎవరి చేత పాడించకూడదో కూడా చెప్పింది. చర్చిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన పాట ఎత్తుకుంటే సంఘమంతా ఆయన వెనకాల కాళ్లీడ్చుకుంటూ నడవాలి. "ఆయన్ని మాత్రం నోరు తెరవనివ్వకండి. నేను త్వరగా వెళ్లాలి" అంది. రోజూ రాత్రి కొడుకునీ కోడలినీ పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, ఇక సెలవని చెప్పి పడుకుంటుంది. పొద్దున్నే కళ్లు తెరిచి, పైకప్పు వైపు చూసి, "ఇంకా ఇక్కడేనా" అని విసుక్కుంటుంది. పైనున్నాయన మీద ఆవిడకు భక్తి ఎంతుందో చనువూ అంతే ఉంది.

కొడుకు డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆవిడ అడిగే మాట ఒకటే. "నూనె ఉందిరా పెద్దోడా?"

అది వాళ్లిద్దరి మధ్య ఎన్నేళ్ల వేళాకోళమో. పెళ్లికొడుకు కోసం దివిటీలు పట్టుకుని ఎదురుచూసిన పదిమంది కన్యల కథ అతనికి తల్లే చెప్పింది. పెళ్లికొడుకు రావడం ఆలస్యమైంది. అయిదుగురు ముందుచూపుతో నూనె తెచ్చుకున్నారు, అయిదుగురు తెచ్చుకోలేదు. మాకు కాస్త పోయండని తెలివిలేనివాళ్లు అడిగితే తెలివైనవాళ్లు పోయలేదు. వాళ్లు కొనుక్కోవడానికి వెళ్లిన వేళకే పెళ్లికొడుకు వచ్చాడు, తలుపు మూసుకుంది. డీజిలు బాబాయికి ఆ కథ తన ఉద్యోగం గురించి చెప్పినట్టే ఉంటుంది. నూనె నిండుగా ఉండాలి, మనిషి అక్కడ నుంచి కదలకూడదు. అంతే.

తల్లికి మాత్రం ఆ కథలో ఒకచోట గొంతు దిగదు. "ఆ తెలివైన అయిదుగురూ తలో కాస్తా పోస్తే వాళ్ల సొమ్మేం పోయేదిరా?" అంటుంది.

"పోస్తే ఎవరికీ చాలదమ్మా. వాక్యంలోనే ఉంది కదా."

"చాలకపోతే చీకట్లోనే అందరూ కలిసి నడిచేవాళ్లు. అంతమాత్రానికే ఆయన తలుపేసుకుంటాడా? ఉండు, వెళ్లాక అడుగుతాను."

అడగాల్సిన ప్రశ్న కూడా సిద్ధంగా పెట్టుకుంది ఆవిడ.

ఇవాళ పొద్దున ఆవిడ నూనె సంగతి అడగలేదు. కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చూస్తూ పడుకుని, "ఈ పూట వెళ్లక తప్పదా?" అంది. ఆవిడ ఇన్నేళ్లలో అలా అడిగింది లేదు. అయినా, "సాయంత్రం తొందరగా వచ్చేస్తానమ్మా" అని చెప్పి వచ్చేశాడు. దారి పొడుగునా ఆ మాట చెప్పిన తన నోటినే తిట్టుకున్నాడు.

అతని భయం ఊరికే పుట్టింది కాదు. తండ్రి పోయినప్పుడు అతను ఈ స్టూలు మీదే ఉన్నాడు. ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది గానీ, యంత్రాన్ని వదిలి ఎలా వెళ్లడమని రాత్రి మనిషి వచ్చేదాకా ఆగాడు. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు కరెంటు పోనేలేదు. ఊరికే, ఏ పనీ లేకుండా, ఇక్కడ కూర్చుని ఉన్నాడు. ఆ సంగతికి తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. అలాగని లేచి వెళ్లిపోవడమూ తేలిక కాదు. తనకు ముందు ఇక్కడ పనిచేసినవాడు ఒకసారి ట్యాంకు చూసుకోలేదట. ఆనాడు పై అంతస్తులో ఏం జరిగిందో పాత నర్సులు గొంతు తగ్గించి చెబుతారు. డీజిలు బాబాయి ఉద్యోగంలో చేరిన రోజునే ఆ కథ విన్నాడు. తల్లి పోయే వేళకు పక్కన ఉండాలి. కరెంటు పోయే వేళకు ఇక్కడ ఉండాలి. రెండూ చెప్పి వచ్చేవి కావు. ఉన్నది ఒక్క మనిషి.

మధ్యాహ్నం బాగా దాటాక, ఆలోచన తెగకపోతే పనైనా చేద్దామని బ్యాటరీ ముందు కూర్చున్నాడు. బ్యాటరీ మీద వైర్లు తగిలించే కొమ్ముల చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది. అది ఎక్కువైతే ఇంజను తిరగడానికి మొరాయిస్తుంది. స్పానరుతో నట్టు వదులు చేసి, వైరు కొసను కొమ్ము మీద నుంచి ఊడదీసి, వేడినీళ్లు పోసి బ్రష్షుతో తోమాడు. పొడి బుసబుసా పొంగి కారిపోయింది. ఆరేదాకా ఆగి గ్రీజు రాయాలి, వైరును మళ్లీ తొడిగి బిగించాలి. గుడ్డతో తుడుస్తుండగా జేబులో ఫోను మోగింది.

భార్య చేసింది. డ్యూటీ వేళల్లో ఆమె ఎప్పుడూ ఫోను చేయదు. ఆ పేరు చూడగానే అతనికి సగం సంగతి తెలిసిపోయింది.

"అత్తయ్య అదోలా ఉన్నారండీ. పాలు పట్టించబోతే మింగలేదు. మిమ్మల్ని అడుగుతున్నారు."

"వస్తున్నా" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనికే ఆశ్చర్యమైంది.

క్వార్టర్సుకు పరుగెత్తి తలుపు బాదాడు. నిద్రమొహం ఒక చెంప మీద చాప అచ్చులతో బయటికొచ్చాడు. విషయం విని ఒక్క ప్రశ్నా వేయకుండా చొక్కా తగిలించుకుని వెంట నడిచాడు. గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. గదిలోకి రాగానే డీజిలు బాబాయి గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. డీజిలు నిండుగా ఉంది, నీళ్లు పొద్దున్నే పోశాను, శబ్దం నిలకడ పడకుండా పిడి లాగొద్దు, కూర్చుంటే నిద్రొస్తుంది కాబట్టి నిలబడే ఉండు.

"వెళ్లన్నా. నేనున్నాగా" అన్నాడు నిద్రమొహం ఆవలింత దిగమింగుకుంటూ.

అదే కదా నా భయం, అనుకున్నాడు డీజిలు బాబాయి. పైకి అనలేదు. చేతికందిన సామాను జేబులో కుక్కుకుని గేటు దాటాడు.

ఇల్లు ఆస్పత్రికి దిగువన, ఇరుకు సందులో ఉంది. రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన తల్లి మంచం. ఆ కిటికీలోంచి చూస్తే ఎదుటి ఇళ్ల కప్పుల పైన ఆస్పత్రి పై అంతస్తులు కనపడతాయి. అతను వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. భార్య మంచం పక్కనుంచి లేచి, "మీరు కూర్చోండి, నేను పాస్టరుగారికి చెప్పి వస్తాను. ఆయన ఫోనెత్తడం లేదు" అని చెప్పులేసుకుని వెళ్లింది.

అతను తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి చల్లగా, బరువు లేకుండా ఉంది. ఊపిరి తీసుకున్నాక ఆవిడ కాసేపు ఆగుతోంది, ఇక లేదేమో అనుకునేంతలో మళ్లీ తీసుకుంటోంది. "వచ్చానమ్మా" అన్నాడు. ఆవిడ కళ్లు తెరవకుండానే అతని వేలు నొక్కింది. ఈసారి సమయానికి వచ్చానని అతనికి గుండె నిండిపోయింది. కళ్లు తుడుచుకోవడానికి రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. చల్లగా, బరువుగా ఏదో తగిలింది.

స్పానరు.

దాన్ని బయటికి తీసి చూసి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వైరు కొస ఊడదీసి నేల మీద పెట్టాడు. తొడగలేదు. బిగించలేదు. నిద్రమొహానికి అన్నీ చెప్పాడు, అది ఒక్కటే చెప్పలేదు. ఇప్పుడు కరెంటు పోతే తాళంచెవి తిప్పినా ఇంజను కిమ్మనదు. ట్యాంకు నిండా డీజిలు ఉంటుంది, ఒక్క చుక్క పనికిరాదు. రోజూ రెండుసార్లు ముంచి చూసిన మనిషి, ఇంకొకడి పనిలో తప్పులు వెతికిన మనిషి, తన పని సగంలో వదిలేసి వచ్చాడు.

నిద్రమొహానికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. పడుకున్నాడు, స్టూలు మీద కూర్చోగానే పడుకుని ఉంటాడు. ఆస్పత్రి నంబరుకు చేశాడు. ఎప్పటిలాగే వేరే ఎవరితోనో మాట్లాడుతోంది అది. సందులో ఎవరైనా కనపడతారేమోనని కిటికీలోంచి తొంగిచూశాడు. ఎవరూ లేరు. భార్య ఎప్పుడొస్తుందో తెలియదు. పరుగెత్తితే ఒక టీ చల్లారేలోపు ఆస్పత్రి చేరగలడు. ఆ లోపు ఇక్కడ ఈ ఊపిరి ఆగిపోతే?

చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచాడు. తల్లి కళ్లు తెరిచింది.

"ఎక్కడికిరా?"

ఆవిడ దగ్గర అబద్ధం ఆడడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. మోకాళ్ల మీద మంచం పక్కన కూలబడి, ఆవిడ చెవి దగ్గర చెప్పాడు. "తప్పు చేశానమ్మా. బ్యాటరీ వైరు బిగించకుండా వచ్చేశాను. ఇప్పుడు కరెంటు పోతే జనరేటరు లేవదు. వెళ్లి బిగించి వచ్చేస్తాను. నువ్వు కాస్త..." కాస్త ఆగమని చెప్పబోయి ఆగిపోయాడు. ఆగడం ఆవిడ చేతిలో ఉన్న పనా?

"అక్కడ ఎవరున్నారు?"

"వాడే, నిద్రమొహం. పడుకుని ఉంటాడమ్మా. ఫోను ఎత్తడం లేదు."

ఆవిడ ఊపిరి తీసుకుని, ఆగి, మళ్లీ తీసుకుంది. పెదాల చివర ఒక గీత కదిలింది. బడిలో తప్పు జవాబు చెప్పిన పిల్లాడి వైపు అలాగే చూసేది.

"పదిమందీ కునికారురా" అంది.

"ఏంటమ్మా?"

"ఆ కథలో. తెలివైనవాళ్లు కూడా. పెళ్లికొడుకు ఆలస్యం చేశాడు కదా, పదిమందీ కునికారు. సరిగ్గా చదవలేదు నువ్వు." ఇంకోసారి ఊపిరి వెతుక్కుంది. "కూర్చో."

అతను కూర్చోలేదు. నిలబడనూ లేదు. మంచం పట్టె పట్టుకుని అలాగే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

తల పైన ఫ్యాను వేగం తగ్గి ఆగింది. సందులో ఎక్కడో టీవీ మాట మధ్యలో తెగింది. అతను కిటికీ వైపు చూశాడు. ఇళ్ల కప్పుల పైన ఆస్పత్రి అంతస్తులు మూడూ నల్లగా ఉన్నాయి. కరెంటు పోయాక ఇంజను లేచి దీపాలు రావడానికి ఎంతసేపు పడుతుందో అతని ఒంటికి తెలుసు. మనసులో తనే తాళంచెవి తిప్పాడు, తనే శబ్దం విన్నాడు, తనే పిడి మీద చెయ్యి వేశాడు. ఆ వేళ దాటిపోయింది. దీపాలు రాలేదు. అతనికి ప్రార్థన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ప్రభువా, వాడిని లేపు, అని మాత్రం అనుకున్నాడు. తర్వాత, నావల్ల కాలేదు, నువ్వే చూసుకో, అనుకున్నాడు. బతుకులో మొదటిసారి ఆ మాట అన్నాడు. రోజూ ప్రార్థనలో అన్నీ నీ చేతుల్లోనే అని చెప్పి, ఆ వెంటనే తన చేతులతో అన్నీ మళ్లీ తడిమి చూసుకునే మనిషి.

మెట్ల దగ్గర దీపం ముందు వెలిగింది. తర్వాత కింది అంతస్తు. ఆ తర్వాత పైన, ఊపిరి యంత్రాలున్న గది కిటికీలు వరసగా తెల్లబడ్డాయి.

అతను నేల మీద కూలబడ్డాడు. తల్లి తల అటు తిప్పలేకపోయింది. గోడ మీద పడిన వెలుతురు చూసి, "వచ్చిందా?" అంది.

"వచ్చిందమ్మా."

"మరి కూర్చో" అంది మళ్లీ.

ఈసారి కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. వెళ్లాల్సిన చోటు ఇంకెక్కడా లేదు. చూసుకోవాల్సింది ఏదీ లేదు. ఇన్నేళ్లలో అంత తేలిగ్గా అతను ఎక్కడా కూర్చోలేదు. ఒళ్లంతా డీజిలు వాసన వేస్తున్న కొడుకు వైపు ఆవిడ కాసేపు చూసి, కళ్లు మూసుకుంది.

భార్య పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి సందులో ఇంకా కరెంటు రాలేదు. పాస్టరుగారు ఫోను వెలుతురులో బైబిలు తెరిచి, కీర్తన కోసం పేజీలు తిప్పసాగారు. ఆయన వెతుకుతున్నది దొరికే లోపే, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఉండే ఆ ఆగడం ఇక ముగియలేదు. చెయ్యి పట్టుకుని ఉన్న అతనికే ముందు తెలిసింది. "పాస్టరుగారూ, అమ్మ వెళ్లిపోయింది" అన్నాడు మెల్లగా. దుఃఖం ఎక్కడో వెనకాల నడిచి వస్తోందని తెలుసు. దాని కంటే ముందు గుండె మీద నుంచి పెద్ద బరువేదో దిగింది. ఉన్నాను, ఆ వేళకు పక్కనే ఉన్నాను, అనుకున్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీ దిగిన నిద్రమొహం నేరుగా ఇంటికొచ్చాడు. చేతుల గ్రీజు కూడా సరిగ్గా పోలేదు. ఆవిడ కాళ్ల దగ్గర కాసేపు తలవంచుకుని నిలబడ్డాడు. అతనూ ఆవిడ బెత్తం దెబ్బలు తిన్నవాడే. తర్వాత అరుగు మీదికి వచ్చి డీజిలు బాబాయి పక్కన కూర్చున్నాడు.

"నిన్న వైరు ఊడి ఉంది" అన్నాడు డీజిలు బాబాయి.

"ఊ. చూశాను."

"ఎప్పుడు చూశావు?"

"నువ్వు గేటు దాటగానే. స్పానరు కోసం చాలాసేపు వెతికాను, కనపడలేదు. పట్టకారుతో బిగిస్తుంటే కరెంటు పోయింది, అందుకే కాస్త ఆలస్యమైంది. చేతుల నిండా గ్రీజు, ఫోను ఎత్తలేకపోయాను. నట్టు మీద గీతలు పడ్డాయి, ఏమీ అనుకోకు."

"వైరు సంగతి నేను చెప్పలేదే నీకు."

నిద్రమొహం కాస్త ఇబ్బందిగా కదిలాడు. "నేను చేసింది నువ్వు రోజూ పొద్దున్నే చూస్తావు కదా. నువ్వు చేసింది నేను రోజూ సాయంత్రం చూస్తాను. నువ్వెళ్లాక."

డీజిలు బాబాయి అతని వైపు తిరిగాడు. "రోజూనా?"

"రోజూ."

"ఇంతకు ముందు కూడా నేనేమైనా మరిచిపోయానా?"

"అప్పుడప్పుడూ. ఒకసారి ట్యాంకు మూత. ఇంకోసారి నీళ్లు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నీకు నిద్రపట్టదు కదన్నా" అన్నాడు నిద్రమొహం, చాలా మామూలుగా.

డీజిలు బాబాయికి ఇన్నేళ్లుగా తను పడుకో అని ఒత్తి పలికిన ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది. తన నూనె తరిగిన ప్రతిసారీ ఈ మనిషి చప్పుడు చేయకుండా పోసి వెళ్లాడు. వీడి వల్లే తను తల్లి పక్కన కూర్చోగలిగాడు. చెయ్యి చాచి నిద్రమొహం భుజం మీద వేశాడు. ఇద్దరి దగ్గరా ఒకే వాసన వచ్చింది. కాసేపటికి ఆ భుజం తన మీదికి ఒరిగింది. చూస్తే అతను కూర్చున్న చోటే నిద్రపోతున్నాడు. డీజిలు బాబాయి ఆ భుజం కదలకుండా, ఎండ అతని మొహం మీద పడకుండా కాస్త ముందుకు వంగి కూర్చున్నాడు.

సమాధి కార్యక్రమం మధ్యాహ్నానికి ముగిసింది. మంచం కింది సంచీలోని తెల్లబట్టలు తీసి చూస్తే ఎక్కడా మడత నలగలేదు. ఏ పాట తర్వాత ఏ పాటో కోడలికి కంఠతా వచ్చు కాబట్టి అంతా సజావుగా సాగింది. చివరి పాటను మాత్రం, ఎవరైనా ఆపేలోపే, ఆ పెద్దాయన ఎత్తుకున్నాడు. సంఘమంతా ఆయన వెనకాల కాళ్లీడ్చుకుంటూ నడిచింది. డీజిలు బాబాయి, అతని భార్య ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు.

వచ్చినవాళ్లంతా వెళ్లాక ఆమె మంచం దుప్పటి తీయబోయి, కిటికీ గూట్లో చెయ్యి పెట్టి, ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఏవండీ" అంది సన్నటి గొంతుతో. "నిన్న ఊపిరాడడం లేదని నేనే తీసి ఇందులో పెట్టాను. మళ్లీ పెట్టడం మరిచిపోయాను. పళ్లు లేకుండా ప్రభువు ముందు నిలబడనని ఎన్నిసార్లు చెప్పారో అత్తయ్య. అన్నీ చూసుకుని ఇది ఎలా మరిచాను?" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అతను లేచి వచ్చి చూశాడు. ఇంతమందీ చుట్టూ ఉండి ఒక్కరూ చూసుకోలేదు. బోసినోటితోనే వెళ్లి, పెట్టుకున్న ప్రశ్న ఈపాటికి అడిగేసే ఉంటుంది. అది ఊహించగానే అతనికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు. మొదట భయంగా చూసిన భార్య కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూనే అతనికి నిన్నటి నుంచీ వెనకాల నడిచి వస్తున్న దుఃఖం వచ్చి చేరింది. అతను దాన్ని రానిచ్చాడు.

కిటికీ గూట్లో స్టీలు గ్లాసు, దాని నీళ్ల అడుగున తల్లి పళ్లసెట్టు, పై వరసా కింది వరసా కాస్త ఎడంగా, ఇంకా ఏదో అనబోతున్నట్టు ఉంది.